కాటుక మరకకు ఏ ఎంజైమ్?

ఉగాదికి సింగపూర్ సెరంగూన్ రోడ్డులోని పెరుమాళ్ గుడికి వెళ్లొచ్చి విడిచిన బట్టలు ఒకసారి చూడండి. చొక్కా కాలరుకు ఫౌండేషన్, చున్నీ అంచుకు లిప్‌స్టిక్, పిల్లల గౌను చేతికి కాటుక. ఎంజైములున్నాయని డబ్బా మీద రాసిన డిటర్జెంట్ వేసి మిషన్ తిప్పితే ఒక మరక పోతుంది, పక్కది అలాగే ఉంటుంది. సరుకు నకిలీదేమో అనుకుంటాం. అసలు సంగతి వేరు: ఎంజైమ్ కంటబడ్డ మరకనల్లా కోయదు. తనకు సరిపడే అణువు దొరికితేనే పని మొదలుపెడుతుంది.

ప్రోటియేజ్ ప్రోటీన్లను ముక్కలు చేస్తుంది. రక్తం, పాలు, గుడ్డు మరకలు దాని వంతు. పిండి పదార్థం అమైలేజ్‌కి, నూనె, కొవ్వు లైపేజ్‌కి. సెల్యులేజ్ నూలు బట్ట మీద లేచిన నూగును కోసి, అందులో ఇరుక్కున్న మురికిని వదిలిస్తుంది. ఒక అణువును కోశాక ఎంజైమ్ ఖర్చయిపోదు, ఇంకోదాని మీదికి వెళ్తుంది. అందుకే డిటర్జెంట్‌లో అది కాస్తంత ఉన్నా చాలు.

ఈ ఆలోచన పాతదే. 1913లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త ఓటో రోమ్ జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైమ్‌ను బట్టలుతికే సరుకులో వాడాడు. కానీ ఉతుకు నీళ్లలోని క్షారానికి అది నిలవలేదు. క్షారాన్ని తట్టుకునే ప్రోటియేజ్‌ను బాసిల్లస్ బాక్టీరియా నుంచి తీయడం వచ్చాక, 1960లలో ఎంజైమ్ పొడులు ఇళ్లకు చేరాయి. 1988లో డెన్మార్క్ సంస్థ నోవో ఒక శిలీంధ్రపు లైపేజ్ జన్యువును ఆస్పర్‌జిల్లస్ ఒరైజేలో పెట్టి పెద్ద ఎత్తున తయారుచేసింది. సోయా సాస్ పులియబెట్టే బూజు కూడా ఈ ఆస్పర్‌జిల్లసే.

లైపేజ్‌కి లిప్‌స్టిక్‌లో పనుంది. చాలా లిప్‌స్టిక్‌లలో ఆముదం ఉంటుంది. ఆముదం ట్రైగ్లిజరైడ్ కాబట్టి లైపేజ్ దాన్ని కొవ్వు ఆమ్లాలుగా విడగొడుతుంది. అందులోని మైనం, రంగు మాత్రం దానికి లొంగవు. అయితే రంగును బట్టకు అంటిపెట్టి ఉంచేది నూనె, మైనమే. నూనె పట్టు సడలితే మిగతాదాన్ని డిటర్జెంట్‌లో జిడ్డును నీళ్లలో కలిపే సర్ఫాక్టెంట్లు లాగేస్తాయి. ఆముదం దీపానికి పట్టిన ఇంటి కాటుకదీ ఇదే కథ. కలిపిన ఆముదమో నెయ్యో విడిపోతుంది, మసి మిగులుతుంది. మసి అంటే కార్బన్. దాన్ని కోసే ఎంజైమ్ డిటర్జెంట్‌లో లేదు. ఫౌండేషన్ ఇంకా మొండిది. చాలా రకాల్లో ఉండే సిలికోన్ నూనెలోనూ, ఐరన్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ పొడుల్లోనూ ఎంజైమ్ కోయడానికేమీ లేదు. నూలు బట్టైతే తడపకముందే మరక మీద గిన్నెలు తోమే లిక్విడ్ రాసి, వేళ్లతో మెల్లగా రుద్ది, తర్వాత ఉతకాలి.

సింగపూర్ వాతావరణం ఎంజైములకు అనుకూలం. చలిదేశాల్లో కుళాయి నీళ్లను వేడి చేసుకోవాలి. భూమధ్యరేఖకు ఒక డిగ్రీ దూరంలోని ఈ ఊళ్లో ఆ అవసరం లేదు. 30, 40 డిగ్రీల నీళ్లలో ఇవి హాయిగా పనిచేస్తాయి. సలసల కాగే నీళ్లు పోస్తే, ఎంజైములూ ప్రోటీన్లే కాబట్టి, ఆకారం చెడి పనికిరాకుండా పోతాయి. క్లోరిన్ బ్లీచ్ కలిపినా అంతే. ఎంజైములకు కావలసింది వ్యవధి. పదిహేను నిమిషాల క్విక్ వాష్ కంటే ముందు అరగంట నానబెట్టడం మేలు.

పసుపు మరక సంగతి వేరే. సబ్బు తగలగానే ఎర్రబడితే కంగారు పడకండి, అది సబ్బులోని క్షారానికి పసుపులోని కర్‌క్యుమిన్ రంగు మారడమే. ఈ రంగు వెలుతురుకు నిలవదు. హెచ్‌డీబీ (ప్రభుత్వ) ఫ్లాట్ కిటికీ బయట వెదురు కర్రకు ఎండలో ఆరేస్తే ఎంజైమ్ చేయలేని పని సూర్యుడు చేస్తాడు.

పట్టు దగ్గర మాత్రం జాగ్రత్త. పట్టుదారం ప్రోటీన్, ఉన్నీ ప్రోటీన్. ముడి పట్టు మీది జిగురును వదిలించడానికి పరిశ్రమలో వాడే ఎంజైములు కూడా ప్రోటియేజులే. డిటర్జెంట్‌లోని ప్రోటియేజ్‌కి గుడ్డు మరకకూ పోచంపల్లి పట్టుకూ తేడా తెలియదు. పట్టుచీరకు లిప్‌స్టిక్ అంటితే ఎంజైమ్ పొడి జోలికి పోకుండా డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు అది ఏ మరకో కూడా చెప్పండి.