జ్వరం వచ్చాక దోమతెర ఎందుకు?

జ్వరంతో చేరినవారి మంచానికి మా సిస్టర్లు దోమతెర కట్టగానే బంధువులు అడిగే మాట ఒకటే. "జ్వరం ఎలాగూ వచ్చేసింది కదా సిస్టర్, ఇంక తెర దేనికి? ఉక్కపోతకి ఉడికిపోతున్నాడు, తీసేయండి." విశాఖ ఉక్కపోత మాకూ తెలుసు. అయినా తెర తీయనివ్వము. ఎందుకో చెప్పాలంటే 1897లో సికింద్రాబాదు దగ్గర జరిగిన సంగతి చెప్పాలి.

మలేరియా అనే మాటకు ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం. మన్యం వెళ్లివచ్చినవారికి చలిజ్వరం పట్టుకుంటే అక్కడి గాలి, నీరు పడలేదని మన పెద్దలూ అనేవారు. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తంలో ఆ క్రిమిని చూశారు. అది ఒకరి నుండి మరొకరికి ఎలా చేరుతుందో మాత్రం తేలలేదు.

ఆ పని డాక్టర్ రొనాల్డ్ రాస్ బేగంపేటలో పట్టుకున్నారు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని తెరలో పడుకోబెట్టి, లోపలికి దోమలను వదిలి కుట్టించారు. కుట్టిన దోమకు ఒక్కో అణా చొప్పున అతనికి ఇచ్చారు. (ఆ కష్టానికి అణా తక్కువే అనిపిస్తుంది మాకు.) పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని రాస్ గాలి లేకుండానే కూర్చున్నారు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో క్రిమి పెరుగుతూ కనిపించింది. మరుసటి ఏడు కలకత్తాలో, పిట్టలకు వచ్చే మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజలంలోకి చేరి కాటుతో ఎక్కుతుందని తేల్చారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలోని ఆ భవనం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

ఇప్పుడు మన వార్డు సంగతి. మీవాడిని ఈ రోజు కుట్టిన దోమ వెంటనే జబ్బు అంటించలేదు. క్రిమి దానిలో ఎదగడానికి సుమారు పది నుండి పదిహేను రోజులు పడుతుంది. అప్పటికి మీరు ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. దోమ వార్డులోనే ఉండవచ్చు. ఆ మంచం మీద అప్పుడు ఒక బాలింత ఉండవచ్చు, పక్కన పసిబిడ్డ ఉండవచ్చు. తెర కట్టేది వారి కోసం కూడా.

డెంగీకీ ఇదే లెక్క. అయితే ఆ దోమ పగలు కుడుతుంది కాబట్టి, జ్వరం ఉన్నన్నాళ్లు పగలు కూడా తెర దించే ఉంచుతాము. అన్నం పెట్టేటప్పుడు ఎత్తండి, వెంటనే దించి అంచులు పరుపు కిందికి దోపండి. తెరకు చిరుగు కనిపిస్తే సిస్టరుకు చెప్పండి, మార్చి ఇస్తాము. మంచం కింద నీళ్ల బకెట్టు పెట్టుకునేవారు మూత అడిగి తీసుకోండి.