ఉప్పు ఊరు, చక్కెర ఊరు

ఒక్క ఫ్యాక్టరీ కోసమే పుట్టిన ఊళ్ళు ప్రపంచంలో చాలా ఉన్నాయి. జంషెడ్‌పూర్ పేరు మనందరికీ తెలుసు. అంత పెద్దవి కాని రెండు ఊళ్ళను ఈసారి పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ దగ్గర ఉన్న సాల్టేర్. రెండోది మా నిజామాబాద్ జిల్లా బోధన్‌లో ఉన్న శక్కర్ నగర్. మొదటిదాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో టూరిస్టులు వస్తారు. రెండోదాని పక్కనుంచి మన బస్సులు రోజూ వెళ్తాయి, కానీ దిగి చూసేవాళ్ళు తక్కువ.

నాది కందకుర్తి. రెంజల్ మండలం, గోదావరి ఒడ్డు. నది దాటితే మహారాష్ట్ర. మా ఊళ్ళో ఎవరైనా "ఫ్యాక్టరీ" అని ఊరికే అంటే అది బోధన్‌లోని నిజాం షుగర్స్ అనే లెక్క. పేరు చెప్పే పనే లేదు. ఆగిపోయి ఇన్నేళ్ళైనా ఇప్పటికీ అంతే.

పేర్ల సంగతి

సాల్టేర్ పేరులో రెండు ముక్కలున్నాయి. కట్టించిన పెద్దమనిషి టైటస్ సాల్ట్. పక్కన పారే నది ఏర్. రెండూ కలిపితే సాల్టేర్. మన దగ్గర లెక్క ఇంకా సింపుల్. శక్కర్ తయారయ్యే నగర్, శక్కర్ నగర్. ఒకటి ఉప్పు ఊరు, ఇంకోటి చక్కెర ఊరు అన్నమాట. (సాల్ట్ గారు ఉప్పు అమ్మలేదు, ఉన్ని బట్టలు నేయించాడు. అది వేరే విషయం.)

చక్కెర అన్న మాటకి కూడా ఒక ప్రయాణం ఉంది. సంస్కృతంలో శర్కర. అదే పారసీకంలో శకర్, అరబ్బీలో సుక్కర్, యూరప్ చేరి చివరికి ఇంగ్లిష్‌లో షుగర్ అయింది. ఇటు తెలుగులో చక్కెర, ఉర్దూలో శక్కర్. అంటే బోధన్‌లో తెలుగాయన, ఉర్దూ మాట్లాడే ఆయన, కంపెనీ బోర్డు మీద ఇంగ్లిష్ రాసిన ఆయన ముగ్గురూ ఒకే మాటని మూడు రకాలుగా పలికారు.

ఇక్కడే ఎందుకు కట్టారు?

ఈ ప్రశ్నకి జవాబు మంజీర నదిలో ఉంది. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన చీఫ్ ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువల నీళ్ళు బోధన్ వైపు పొలాలకి వచ్చాయి. చెరకు పది పన్నెండు నెలలు పొలంలో ఉండే పంట, నీళ్ళు బాగా తాగుతుంది. కాలువ లేకపోతే అంత చెరకు పండదు. కాలువ వచ్చింది, చెరకు వచ్చింది, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆ మంజీరే చివరికి మా కందకుర్తికి వచ్చి గోదావరిలో కలుస్తుంది. హరిద్ర కూడా అక్కడే కలుస్తుంది కాబట్టి త్రివేణి సంగమం అంటారు.

సరే, చెరకు ఇక్కడ పండించి ఫ్యాక్టరీని హైదరాబాద్‌లో పెట్టొచ్చు కదా? కుదరదు. చెరకు నరికిన నిమిషం నుంచి దానిలో చక్కెర తగ్గుతూ పోతుంది. గడలో ఉన్న సుక్రోజ్ విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. తీపి ఉంటుంది కానీ పలుకు కట్టదు. అందుకే నరికిన ఒక రోజు లోపల గానుగలో పడాలి. పైగా వంద కిలోల చెరకు నుంచి వచ్చే చక్కెర సుమారు పది కిలోలే. మిగతా తొంభై కిలోలని దూరం మోసి ఏం లాభం? అందుకే చక్కెర ఫ్యాక్టరీ ఎప్పుడూ పొలాల మధ్యే ఉంటుంది.

ఈ లెక్కకి ఇంకో వైపు కూడా ఉంది. పొలం ఫ్యాక్టరీని వదిలి ఉండలేదు, ఫ్యాక్టరీ పొలాన్ని వదిలి ఉండలేదు. ఒకటి ఆగితే రెండోది ఆగుతుంది. మన భాషలో చెప్పాలంటే సర్క్యులర్ డిపెండెన్సీ.

లోపల ఏం జరిగేది?

ముందు కాటా. బండి చెరకుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూగుతుంది. మా తాత చెరకు వేసిన రోజుల్లో కాటా దగ్గర బండ్ల లైన్‌లోనే రాత్రి గడిచేదట. అక్కడే వంట, అక్కడే నిద్ర.

తర్వాత గడల్ని ముక్కలు చేసి వరసగా ఉన్న రోలర్ల మధ్య నలుపుతారు. రసం ఒక దారి, పిప్పి ఒక దారి. పిప్పి నేరుగా బాయిలర్‌లోకి పోతుంది. అది మండి ఆవిరి అవుతుంది, ఆ ఆవిరితో టర్బైన్లు తిరుగుతాయి, మిగిలిన ఆవిరితో రసం మరుగుతుంది. అంటే చెరకు తనని తానే వండుకుంటుంది. సీజన్‌లో బయటి నుంచి ఇంధనం పెద్దగా అక్కర్లేదు.

రసంలో సున్నం, గంధకం పొగ కలిపితే మురికి కిందకి దిగుతుంది. ఆ మురికి ఫిల్టర్ మడ్డి, పొలాలకి ఎరువు. తేరిన రసంలో నూటికి 85 పాళ్ళ దాకా నీళ్ళే. వాటిని ఎగరగొట్టడానికి వరసగా నాలుగైదు పాత్రలు ఉంటాయి. మొదటి పాత్రలో లేచిన ఆవిరి రెండోదాన్ని మరిగిస్తుంది, దానిది మూడోదాన్ని. ముందుకు పోయేకొద్దీ లోపలి పీడనం తగ్గిస్తారు కాబట్టి తక్కువ వేడికే మరుగుతుంది. 1843లో న్యూ ఆర్లీన్స్‌కి చెందిన నార్బర్ట్ రిల్యూ అనే ఇంజనీర్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. మెకానికల్ బ్రాంచ్ వాళ్ళకి ఇది సిలబస్‌లోనే తగులుతుంది.

చివరికి పాన్. చిక్కటి పాకం వాక్యూమ్‌లో ఉడుకుతూ పలుకు కట్టే చోటు ఇదే. అక్కడ పనిచేసిన ఒక కాకని ఈ వ్యాసం కోసం అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నా:

"సలాక పెట్టి జరంత తీస్తం బిడ్డా. గాజు పలక మీద ఏసి లైటుకు పట్టి చూస్తం. పలుకు కట్టిందా లేదా మిషిన్ చెప్పది, కన్ను చెప్పాలె. ఒక్క నిమిషం అటు ఇటు అయితే పాన్ మొత్తం ఖరాబ్."

ఎన్నేళ్ళకి ఆ చూపు వచ్చిందని అడిగితే నవ్వి, "నేర్పినాయిన తిట్టుడు బంద్ చేసేదాకా" అన్నాడు.

పాన్ నుంచి దిగిన ముద్దని వేగంగా తిరిగే జల్లెడ డబ్బాల్లో తిప్పితే చక్కెర పలుకులు లోపల ఉండిపోతాయి, నల్లటి మొలాసిస్ బయటికి పోతుంది. మొలాసిస్ నుంచి ఆల్కహాల్. ఇక్కడ రెండు ఊళ్ళకి ఒక సరదా తేడా ఉంది. సాల్ట్ గారు తన ఊళ్ళో పబ్ పెట్టనివ్వలేదు. మన చక్కెర ఊళ్ళో అయితే ఫ్యాక్టరీకి సొంత డిస్టిలరీయే ఉండేది.

ఫ్యాక్టరీ అంటే ఊరు కూడా

సాల్టేర్ మిల్లు 1853లో తెరిచారు. తర్వాత దాని చుట్టూ కార్మికులకి రాతి ఇళ్ళు, బడి, ఆసుపత్రి, లైబ్రరీ ఉన్న హాలు, పార్కు కట్టారు. వీధులకి సాల్ట్ పిల్లల పేర్లు పెట్టారు.

శక్కర్ నగర్‌లోనూ దాదాపు ఇదే నమూనా. క్వార్టర్స్, బడి, ఆసుపత్రి, ఆటస్థలం. వేల ఎకరాల సొంత చెరకు ఫారాలు. జానకంపేట దగ్గర మెయిన్ లైన్ నుంచి విడిపోయి బోధన్ దాకా వచ్చే రైలు పట్టాలు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని దీనికి పేరు. పని కోసం రకరకాల జిల్లాల వాళ్ళు, మరాఠీ, ఉర్దూ మాట్లాడేవాళ్ళు వచ్చి కలిశారు. షిఫ్ట్ మారేటప్పుడు సైరన్ కూసేది. "గడియారం ఎందుకు, సైరన్ ఉండె కదా" అంటుంది మా నాయినమ్మ.

ఇంత పద్ధతిగా ఉన్న ఊళ్ళో ఒక బలహీనత ఉంది. జీతం, ఇల్లు, బడి, వైద్యం, కిరాణా కొట్టు అప్పు, పొలం పంట అన్నీ ఒక్క గేటు మీదే ఆధారపడ్డాయి. మనం డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో చదివే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటే ఇదే. సర్వర్ పడిపోతే ఇంకో సర్వర్ ఎక్కిస్తాం. ఊరికి బ్యాకప్ ఎవరూ పెట్టలేదు.

ఎలా ఆగింది?

ప్రభుత్వ సంస్థగా ఉన్న ఫ్యాక్టరీలో 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది. నిజాం దక్కన్ షుగర్స్ అని కొత్త పేరు వచ్చింది. 2015 డిసెంబర్‌లో బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లకి కూడా లే ఆఫ్ ప్రకటించారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కి ఆదేశించింది. 2024 జనవరిలో పునరుద్ధరణ కోసం ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ప్రతి ఎన్నికల్లోనూ ఫ్యాక్టరీ తెరిపించే మాట వస్తుంది.

ఒక విషయం గమనించండి. అదే 2015లో, జూలైలో, గోదావరి పుష్కరాలు జరిగాయి. కందకుర్తికి జనం పోటెత్తి వచ్చారు. ఘాట్లు, రోడ్లు, టీవీ కెమెరాలు. ఐదు నెలలకే బోధన్ ఫ్యాక్టరీ ఆగింది. పుష్కరాలు పన్నెండేళ్ళకి మళ్ళీ వస్తాయని అందరికీ తెలుసు, 2027కి అప్పుడే లెక్కలు మొదలయ్యాయి. ఫ్యాక్టరీకి అలాంటి క్యాలెండర్ లేదు.

ప్రైవేటు కావడం వల్లే పోయిందని కొందరు, ముందునుంచీ నష్టాలే అని కొందరు అంటారు. రైతులే నడుపుకుంటే బతికేదని ఇంకో మాట. నది అవతల మహారాష్ట్రలో సహకార ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి నిజమే. కానీ నిజామాబాద్ పక్కనే సారంగాపూర్‌లో సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా మూతపడింది. కాబట్టి జవాబు ఒక్క మాటలో దొరకదు.

ఉప్పు ఊరు ఎలా బతికింది?

సాల్టేర్ మిల్లు కూడా 1986లో ఆగిపోయింది. మరుసటి ఏడాది జొనాథన్ సిల్వర్ అనే వ్యాపారి ఆ భవనం కొన్నాడు. బ్రాడ్‌ఫర్డ్‌లోనే పుట్టిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ బొమ్మలతో గ్యాలరీ పెట్టాడు. పుస్తకాల షాపు, హోటల్ వచ్చాయి. సెట్‌టాప్ బాక్సులు చేసే పేస్ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ కూడా ఆ మిల్లులోకే వచ్చింది. 1965లో మూసేసిన రైల్వే స్టేషన్‌ని 1984లోనే మళ్ళీ తెరిచి ఉంచారు. 2001లో ఊరంతా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

అచ్చంగా అదే బోధన్‌లో చేయొచ్చా అంటే, నాకు నమ్మకం లేదు. సాల్టేర్ పక్కన బ్రాడ్‌ఫర్డ్, లీడ్స్ అనే పెద్ద నగరాలున్నాయి. ఇళ్ళు అక్కడ, ఉద్యోగాలు నగరంలో, మధ్యలో రైలు. ఇంకో పెద్ద తేడా ముడిసరుకు. సాల్ట్ మిల్లుకి ఉన్ని దక్షిణ అమెరికా నుంచి కూడా ఓడల్లో వచ్చేది. మిల్లు ఆగితే చుట్టుపక్కల పొలాలకి ఏమీ కాలేదు. ఇక్కడ ఫ్యాక్టరీతో పాటు పంటే మారిపోయింది. చెరకు వేసిన మడుల్లో ఇప్పుడు వరి, సోయా, పసుపు. ఆర్ట్ గ్యాలరీ పెడితే చెరకు రైతుకి ఏం వస్తుంది?

పోయినవి మూడు

ఆలోచిస్తే బోధన్‌లో మూడు పోయాయి. ఉద్యోగం, పంట, పనితనం. మొదటి రెండూ ప్రభుత్వాలు, బ్యాంకులు, కోర్టుల చేతిలో ఉన్నాయి. మూడోదాని గురించి ఎవరూ మాట్లాడరు. పాన్ మీద కన్నుతో పలుకు చూసిన మనిషి, బాయిలర్ చప్పుడుని బట్టి లోడ్ చెప్పిన మనిషి, కాటా దగ్గర లెక్క రాసిన మనిషి. వీళ్ళలో చాలామంది రిటైరై పెద్దవయసుకి వచ్చారు. రేపు ఫ్యాక్టరీ తెరిచినా వాళ్ళ పని కొత్తగా నేర్చుకోవాలి. తెరవకపోతే ఆ పని ఉండేదని చెప్పేవాళ్ళు కూడా ఉండరు. సాల్టేర్‌లో భవనంతో పాటు ఫోటోలు, కాగితాలు, మనుషుల జ్ఞాపకాలు కూడా దాచుకున్నారు. బోధన్‌కి వెంటనే తెచ్చుకోగలిగింది ఈ అలవాటే. దీనికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు.

వెళ్ళాలనుకుంటే దారి చాలా తేలిక. నిజామాబాద్ నుంచి బోధన్ బస్సులో గంట లోపే. నేను వెళ్ళినప్పుడు గేటు లోపలికి పంపలేదు, బయటి నుంచే చూశాను. నిజానికి భవనం కంటే క్వార్టర్స్ వీధులే ఎక్కువ చెప్తాయి. టీ బండి దగ్గర నిలబడి "ఫ్యాక్టరీలో చేసినోళ్ళు ఎవరైనా ఉన్నారా" అని అడగండి. ఎవరో ఒకరు దొరుకుతారు, టీ డబ్బులు కూడా వాళ్ళే ఇస్తారు.

మన క్లబ్‌కి నా ప్రతిపాదన ఇది. సంక్రాంతి సెలవుల్లో బోధన్, రెంజల్, ఎడపల్లి వైపు ఊళ్ళకి వెళ్ళేవాళ్ళు ఒక్కొక్కరు ఒక్క పాత కార్మికుడితోనో, చెరకు రైతుతోనో, వాళ్ళ ఇష్టం అడిగి, అరగంట ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఏ సెక్షన్, రోజు ఎలా మొదలయ్యేది, పనిముట్టుని ఏమని పిలిచేవాళ్ళు, ఎవరు నేర్పారు. ఈ నాలుగు ప్రశ్నలు చాలు. రికార్డింగుల్ని తెలుగులో రాసిపెట్టి, మాటలన్నిటితో ఒక చిన్న పదకోశం చేద్దాం. వెతకడానికి వీలుగా పెట్టే పని నేను చూసుకుంటా. ఫోల్డర్ ఇప్పటికే తెరిచాను, పేరు "చక్కెర పలుకులు". అందులో ప్రస్తుతానికి ఒక్క ఫైలే ఉంది, పాన్ కాకది, ఇరవై రెండు నిమిషాలు.