నర్సింగ్ పరీక్ష తప్పితే ఏ పుస్తకం కొనాలి?

సౌదీలో నర్సుగా పనిచేయాలంటే సౌదీ కమిషన్ ఫర్ హెల్త్ స్పెషాలిటీస్ లైసెన్సు తప్పనిసరి. పరీక్ష తప్పితే చేతికందిన ఉద్యోగమే ఆగిపోవచ్చు. ఆ కంగారులో మా వదినగారు ఇంకో మూడు పుస్తకాలు కొనబోయారు. ప్రోగ్రాం పనిచేయకపోతే మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం కొత్త కంప్యూటర్ కొనం, తప్పెక్కడుందో వెతుకుతాం. ఇదీ అంతే.

ముందు కమిషన్ వెబ్‌సైట్లో ఉన్న బ్లూప్రింట్ చూడండి. ఏ విభాగానికి ఎంత వాటా ఉందో తెలుస్తుంది. వాటా ఎక్కువగా ఉండి, మీకు పట్టు తక్కువగా ఉన్న విభాగంతో మొదలుపెట్టండి. ఒక పాఠ్యపుస్తకం, ప్రతి జవాబుకూ కారణం చెప్పే ఒక ప్రశ్నల పుస్తకం చాలు. అమెరికా ఎన్‌క్లెక్స్ పుస్తకాలుంటే రోగి సంరక్షణ అధ్యాయాలు చదవండి. అక్కడి ఎల్‌పీఎన్‌లకు పని అప్పగించే ప్రశ్నలు వదిలేయండి. "అసలు ప్రశ్నలు" అంటూ అమ్మే కాగితాలు మాత్రం వద్దు. బట్టీపట్టిన జవాబు ప్రశ్న మారితే ఆదుకోదు; కారణం తెలిస్తే రేపు వార్డులోనూ పనికొస్తుంది.