పాంచాలంకురిచ్చి మట్టిగోడ

రాజపాళయమనగానే మనవారికి నూలుమిల్లులును, 1949లో మదరాసు ప్రభుత్వాధినేతయైన పి. ఎస్. కుమారస్వామిరాజాగారును స్మరణకు వచ్చుట సహజము. ఆ యూరికి దక్షిణమున ఒకదినపు నడక దూరముననున్న శంకరనయినారుకోయిల్‌లో 1801 ఫిబ్రవరినాటికి కుంఫిణీ పటాలము విడిసియుండెనని యెఱిగినవారు అరుదు. దక్షిణ పాళెగాండ్రతో కుంఫిణీవారి కడపటి యుద్ధము ఆ మాసముననే ఆరంభమైనది. ఎదిరించిన నాయకులు రాజకంబళ నాయకులు. రాజపాళయపు రాజులవలెనే తరతరములుగా అరవసీమలోనుండియు ఇంట తెలుగు విడువనివారు.

1799 అక్టోబరు 16వ తేదీన కట్టబ్రహ్మనను కయత్తారులో ఉరితీసి, పాంచాలంకురిచ్చి కోటను నేలమట్టము చేసి, ఆయన తమ్ములను పాళయంకోట చెఱలో నుంచిరి. చెఱలో మశూచి సోకగా, దయదలచి సంకెళ్లు సడలించిరి. 1801 ఫిబ్రవరి 2వ తేదీ రాత్రి మేజరు మెకాలే తోటబంగళాలో దొరలును దొరసానులును విందారగించుచుండగా, ఖైదీలు కావలివారిని లోబఱచి వెడలిపోయిరి. వారిలో మూగవాడగు ఊమైదురై ముఖ్యుడు.

మెకాలే పటాలమును కయత్తారులో కూర్చుకొని బయలుదేఱెను. దారిలో పైబడిన పాళెగాండ్రను తఱిమికొట్టి, 9వ తేదీన పాంచాలంకురిచ్చి చేరినప్పుడు కన్నది నమ్మశక్యము కాకపోయెను. ఏడాదికి పైగా పాడువడిన చోట క్రొత్త మట్టిగోడ లేచియున్నది! గోడనిండ సాయుధులు. కట్టుటకు పట్టినది వారము లోపలనే. ఎన్ని వేల చేతులు మన్ను మోసెనో! పెద్ద ఫిరంగులు లేని మెకాలే మరునాడే మఱలిపోయెను. ఆ దండులోని వెల్ష్ అను అధికారి తరువాత వ్రాసిన స్మృతిగ్రంథమున తమ విస్మయమును దాచుకొనలేదు. మార్చి 31వ తేదీ దాడియు విఫలమయ్యెను. మే 24న గాని కోట చిక్కలేదు.

దీనిని వారు తిరుగుబాటనిరి. న్యాయవాదికిచ్చట సందేహము కలుగకమానదు. 1792 సంధివలన కుంఫిణీకి దక్కినది పాళెగాండ్రనుండి పేష్కషు వసూలుచేయు హక్కు. సార్వభౌమత్వము ఆర్కాటు నవాబుదే. వసూలునకు బలము ప్రయోగింపవచ్చునని వారి పక్షమున వాదింపవచ్చును గాక, పన్ను వసూలుచేయువాడు రాజగునా? కర్ణాటకపు పరిపాలనను కుంఫిణీకి ధారవోసిన సంధి 1801 జూలై 31వ తేదీది. అప్పటికి కోట పడి రెండుమాసములు దాటినది.

ఊమైదురైని నవంబరు 16న ఉరితీసిరి. కోటస్థలమును దున్నించి ఆముదములు చల్లించిరి. 1974లో తమిళనాడు ప్రభుత్వము అచ్చట స్మారకముగా కోట కట్టించినది.