గీతకు అటూ ఇటూ

డిసెంబర్ రెండో శుక్రవారం. సులైలో చలి బాగా దిగింది. సెలవు రోజు కదా, మా గదిలో పొద్దెక్కేదాకా ఎవరూ లేవరు. ఆ రోజు మాత్రం హైదరాబాదు శివారు నుంచి వచ్చిన తమ్ముడు దుప్పటి కప్పుకునే ఫోనులో ఏదో వెతుకుతున్నాడు.

"ఏం తమ్మీ, ఇంటికాడ అంత మంచిదేనా?" అన్నాను.

"మంచిదే అన్నా. మా కాలనీ ఏ వార్డుల పడ్డదో దొరుకుతలేదు."

నవ్వొచ్చింది. రియాద్ ఆగ్నేయపు కొసన, గోదాములకూ లారీలకూ మధ్య ఇనప మంచం మీద పడుకున్నవాడికి వార్డు గోల! కానీ చాయ్ అయ్యేసరికి నేనూ వాడి పక్కన కూర్చుని వెతుకుతున్నాను.

సంగతి మీకు తెలిసిందే. 2007లో పాత నగరపాలక సంస్థలో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపితే జీహెచ్‌ఎంసీ అయింది. 2009, 2016, 2020 ఎన్నికలు మూడూ 150 వార్డులతోనే జరిగాయి. ఇప్పుడు, 2025 డిసెంబర్లో, చుట్టూ ఉన్న 27 పట్టణ సంస్థలను కలిపేసి మొత్తం 300 వార్డులుగా ముసాయిదా వేశారు. వార్డులు రెట్టింపయ్యాయని శివారువాళ్ళు సంబరపడటానికి లేదు. బోడుప్పల్‌నే తీసుకోండి. తనకంటూ కార్పొరేషన్ ఉన్నప్పుడు ఆ ఒక్క ఊరికే 28 డివిజన్లు ఉండేవి. నడిచి వెళ్తే దొరికే కార్పొరేటర్ ఇకమీదట అంత దగ్గర్లో ఉండడు.

అభ్యంతరాలకు మొదట ఇచ్చిన గడువు ఏడు రోజులు. మ్యాపులు లేవు, ఏ వార్డులో ఎంత జనాభా ఉందో లేదు, దేని మీద అభ్యంతరం చెప్పాలని జనం హైకోర్టుకు వెళ్ళారు. ఆ వివరాలు బయటపెట్టమని కోర్టు చెప్పి, ఇంకో రెండు రోజులు ఇచ్చింది.

ఏడు రోజుల కోసం కోర్టుదాకా వెళ్ళాలా అనిపించవచ్చు. వెళ్ళాలి. వార్డుల విభజనకు సంబంధించిన చట్టం చెల్లుతుందా లేదా అని ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదని రాజ్యాంగంలోని 243 జెడ్‌జి అధికరణం అంటుంది. ఎన్నికల గంట మోగాక ఇక గీతను కదిలించడం దాదాపు అసాధ్యం. మాట్లాడాల్సింది గీత ఇంకా పెన్సిల్‌తో ఉన్నప్పుడే.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. మా ఊళ్ళో 2020 జనవరి మున్సిపల్ ఎన్నికల ముందు వార్డులు మార్చారు. కొత్త హద్దు మా వీధి మోరీ మీదుగా పోయింది. ఇటు మా ఇల్లు ఒక వార్డు, అటు మేనత్త ఇల్లు ఇంకో వార్డు. వానాకాలం మోరీ పొంగింది. ఇటు సభ్యుడు అది అటువాళ్ళదన్నాడు, అటు సభ్యుడు ఇటువాళ్ళదన్నాడు. అమ్మ ఫోనులో, "మోరీకి ఏ వార్డూ లేదు బిడ్డా" అంది. ముసాయిదా నోటీసు ఆఫీసు గోడకు అంటించిన రోజుల్లో ఎవరైనా ఒక కాగితం రాసి ఇచ్చి ఉంటే? మా ఇంట్లో కాగితం రాయగలిగినవాణ్ణి నేనే. నేను ఇక్కడున్నాను.

ఇంకో సంగతి. 2025లో గీసిన వార్డులకు లెక్క 2011 జనాభా. అప్పటికి పుట్టని కాలనీలు ఆ లెక్కలో పొలాలే. మా సంగతి? 2011లో నేను రియాద్‌లోనే ఉన్నాను, కాబట్టి ఊరి తలల్లో నా తల లేదు. 2010 చట్ట సవరణ పుణ్యమా అని ప్రవాసులు పాస్‌పోర్టు చూపి ఓటరుగా చేరవచ్చు. ఓటెయ్యాలంటే మాత్రం స్వయంగా వెళ్ళాలి. టికెట్టు డబ్బులు, సెలవు, కఫీల్ దయ, మూడూ ఒకేసారి కుదరాలి.

మేముంటున్న ఊరికీ వార్డుల కథ ఉంది. 2005 ఫిబ్రవరిలో రియాద్ మున్సిపల్ మండలిలో సగం స్థానాలకు, అంటే ఏడింటికి, ఎన్నికలు జరిగాయి. ఓటు సౌదీ మగవాళ్ళకే. నగరాన్ని ఏడు వార్డులు చేశారు గానీ, ప్రతి ఓటరూ ఏడు వార్డుల్లోనూ ఓటు వెయ్యవచ్చు. ఏమైంది? మతపెద్దలు మెచ్చిన పేర్ల జాబితా ఒకటి ఫోన్లలో తిరిగింది. ఆ జాబితాలోవాళ్ళే గెలిచారు. తన పేటలో మంచి పేరున్నవాడు ఊరంతటి జాబితా ముందు నిలవలేకపోయాడు. 2011 ఎన్నికలకు ఆ పద్ధతి మార్చి, ఎవరి వార్డులో వాళ్ళే ఓటెయ్యాలన్నారు. 2015లో ఆడవాళ్ళూ ఓటేశారు.

రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు తోచింది ఇదీ: గీతే లేకపోతే వీధి తరఫున అడిగేవాడు ఉండడు. గీత తప్పుగా పడితే ఇద్దరుంటారు, ఇద్దరూ పక్కవాణ్ణి చూపిస్తారు.

కథ ఇంకా ఉంది. మధ్యాహ్నానికి తమ్ముడి కాలనీ దొరికింది. వాళ్ళ వీధికి అటు ఒక వార్డు, ఇటు ఒకటి. వాడు చెబుతుంటే నేను రాశాను: వీధి పేరు, ఇళ్ళు ఎన్ని, నీళ్ళ ట్యాంకు ఎటుంది, మోరీ ఎటు పారుతుంది, రెండు వైపులా ఒకే వార్డులో ఉంచమని విన్నపం. ఫొటో తీసి వాళ్ళ నాన్నకు పంపాం. ఆయన దాన్ని తెల్లకాగితం మీద ఎక్కించి, ఇరుగుపొరుగు సంతకాలతో సోమవారం ఇచ్చొచ్చాడు.

ఫలితం సంగతి తర్వాత. ముట్టినట్టు ముద్ర వేసిన కాగితం ఫొటో వచ్చిన రాత్రి తమ్ముడు దాన్ని గదిలో అందరికీ చూపించాడు. ఓటు లేనివాడి సంతకం అందులో లేదు. చేతిరాత మాత్రం సులైలో పుట్టింది.