షెడ్డు నుంచి కబురు రాకపోతే అదీ ఒక కబురే



మన చంద్రపూర్ ఎండ మే నెలలో 45 డిగ్రీలు దాటుతది. ఐదో దశ పట్టుపురుగుకు కావాల్సింది 23–24 డిగ్రీల వేడి, 70 శాతం తేమ. షెడ్డులో ఈ రెండూ ఎంతున్నాయో ఫోన్‌కు పంపే చిన్న బోర్డు ఉంది. పేరు ఈఎస్‌పీ 8266. వైఫై అందులోనే ఉంటది. దానికి డీహెచ్‌టీ 22 సెన్సర్ కలపాలి.

ప్రోగ్రాం పని నాలుగు మెట్లు: వైఫైకి కలవడం, సెన్సర్ చదవడం, ఆ అంకెలు సర్వర్‌కు పంపడం, జవాబు చూడడం. జవాబుగా 200 వస్తే అందినట్టే.

గుర్తుంచుకోవాల్సినవి:

• ఈ బోర్డుకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైయే కావాలి. ఫోన్ హాట్‌స్పాట్ 5 మీద ఉంటే మార్చండి.

• సెన్సర్‌ను 2 సెకన్లలోపు మళ్లీ అడగొద్దు. అంకె రాకపోతే సున్నా పంపొద్దు, ఇంకోసారి చదివించండి.

• వైఫై తెగితే తిరిగి కలిపే లైను లూప్‌లోనే రాయండి.

అసలు సంగతి ఇది. కరెంటు పోతే ఫ్యాన్‌తో పాటు రూటర్, బోర్డు కూడా ఆగుతాయి. ఫోన్‌లో మాత్రం పాత 24 అంకె అట్లనే కనపడుతది. లోపల 34 ఉండొచ్చు! ఆగిపోయిన బోర్డు హెచ్చరిక పంపలేదు కదా. అందుకే 15 నిమిషాలు కబురు రాకపోతే సర్వరే మనకు మెసేజ్ పంపేటట్టు పెట్టాలి. అంకె పక్కన టైం కూడా చూపించాలి.

గోడ మీది తడి-పొడి థర్మామీటర్‌తో రోజూ సరిచూసుకోండి. బోర్డు కబురు చెప్తది. గోనెపట్టాలు తడపాల్సింది మనమే.