స్పానిష్ సంభావనార్థక క్రియ: తెలుగు అనువాదంలో ఒక చిక్కు

స్పానిష్ భాషలో 'అబ్లార్' అంటే మాట్లాడటం. 'ఆబ్ల' అంటే 'అతడు మాట్లాడతాడు'. చివరి అచ్చు మారి 'ఆబ్లె' అయితే, ఆ మాట్లాడటం జరిగే విషయంగా కాక, వక్త కోరికకో సందేహానికో ఊహకో లోబడినదిగా నిలుస్తుంది. ఇంగ్లీషు వ్యాకరణాలు సబ్‌జంక్టివ్ అని పిలిచే ఈ రూపాన్ని ఇక్కడ 'సంభావనార్థకం' అని వ్యవహరిస్తున్నాను. ఆశీరర్థకం అనవచ్చు గాని, ఆశీస్సు దీని ప్రయోజనాల్లో ఒకటి మాత్రమే.

నియత క్రియల్లో వర్తమాన రూపసిద్ధి సులభం. ఉత్తమపురుష ఏకవచనమైన 'ఆబ్లొ'లో చివరి ఒకారాన్ని తొలగించి, 'అర్' అంతమందున్న క్రియలకు ఎకారాన్ని, 'ఎర్', 'ఇర్' అంతమందున్నవాటికి అకారాన్ని చేర్చాలి: ఆబ్లె, ఆబ్లెస్, ఆబ్లె, అబ్లేమోస్, అబ్లేయిస్, ఆబ్లెన్. అదేవిధంగా 'కొమేర్' (తినడం) నుంచి కోమ, 'బిబీర్' (నివసించడం) నుంచి బీబ. ఈ అచ్చుల తారుమారు లాటిన్ నుంచి సంక్రమించింది. వైదిక భాషలోని లేట్ లకారాన్ని ఎరిగినవారికి దీని అర్థచ్ఛాయ అపరిచితం కాదు.

'అతడు ఇక్కడ నివసిస్తాడని అనుకుంటున్నాను' అనడానికి 'క్రేయొ కె బీబె అకీ' అంటారు. 'అనుకోను' అన్నప్పుడు 'నొ క్రేయొ కె బీబ అకీ' అవుతుంది. తెలుగులో 'నివసిస్తాడని' రెండుచోట్లా మారదు. సందేహభారమంతా ప్రధానక్రియే మోస్తుంది. కోరిక విషయంలో మాత్రం మనకు 'ఆలి' ఉంది: 'కియేరొ కె ఆబ్లెస్', నువ్వు మాట్లాడాలని కోరుతున్నాను. అయితే కోరేవాడూ మాట్లాడేవాడూ ఒకరే అయినప్పుడు స్పానిష్ సంభావనార్థకాన్ని విడిచి 'కియేరొ అబ్లార్' అంటుంది. తెలుగు అక్కడా 'మాట్లాడాలని' అనే అంటుంది.

అసలు చిక్కు విశేషణ వాక్యాల్లో ఉంది. 'బూస్కొ ఆ ఉన్ ప్రొఫెసోర్ కె ఆబ్ల తెలుగు' అన్నవాడు తనకు తెలిసిన ఒక అధ్యాపకుణ్ణి వెతుకుతున్నాడు. 'బూస్కొ ఉన్ ప్రొఫెసోర్ కె ఆబ్లె తెలుగు' అన్నవాడికి అటువంటి అధ్యాపకుడు ఉన్నాడో లేడో తెలియదు. (మనుష్యవాచక కర్మకు ముందు రావలసిన 'ఆ' కూడా ఇక్కడ సాధారణంగా లోపిస్తుంది.) 'తెలుగు మాట్లాడే అధ్యాపకుణ్ణి వెతుకుతున్నాను' అనే మన వాక్యం రెండింటికీ చెల్లుతుంది. 'మాట్లాడే' అనే క్రియాజన్య విశేషణంలో ఈ భేదాన్ని చూపే ప్రత్యయం లేదు.

కాబట్టి రెండవ వాక్యాన్ని 'తెలుగు మాట్లాడగల అధ్యాపకులు ఎవరైనా దొరుకుతారేమోనని వెతుకుతున్నాను' అని విస్తరించాలి. 'ఎవరైనా', 'ఏమో' మూలంలో విడి పదాలుగా లేవు. వీటిని అనువాదకుని స్వేచ్ఛగా లెక్కించి తప్పుపట్టడం సరికాదని నా అభిప్రాయం. 'ఆబ్లె' చివరి ఎకారానికి అవే తెలుగు.